గోధుమల ఓడల నుంచి సుంకాల దాకా: భారత స్వతంత్ర విధానానికి లోపలి హద్దులు

2025 ఆగస్టు 27న భారత వస్తువులపై అమెరికా విధించిన సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం రష్యా నుంచి ముడిచమురు కొంటున్నందుకు వేసిన జరిమానా. నాలుగు రోజులు తిరగకముందే ప్రధాని నరేంద్ర మోదీ ఏడేళ్ల విరామం తరువాత చైనా వెళ్లి, తియాన్‌జిన్‌లో షీ జిన్‌పింగ్‌తో సమావేశమయ్యారు. గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో 20 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయి అప్పటికి ఐదేళ్లే అయింది. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి, అమెరికా ఒత్తిడికి లొంగని ధీమా అని కొందరు, దారి తోచని స్థితి అని మరికొందరు వ్యాఖ్యానించారు. ఈ రెండు వ్యాఖ్యానాల్లోనూ ఒక లోపం ఉంది. రెండూ దేశ సరిహద్దుల బయటే చూస్తున్నాయి.

స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి భారత్ అగ్రరాజ్యాల మధ్య ఎంత స్వేచ్ఛగా మసలగలిగిందన్నది, ఆయా కాలాల్లో దేశం లోపల దేనికి కొరత ఉందన్న దాన్ని బట్టే తేలుతూ వచ్చింది. ఒకప్పుడు తిండిగింజలకు కొరత, తరువాత డాలర్లకు కొరత, ఇప్పుడు యువతకు తగిన ఉపాధికి, పరిశ్రమలకు కావలసిన విడిభాగాలకు కొరత. ఒక కొరతను తీర్చుకోవడానికి సమాజంలో కుదుర్చుకున్న సర్దుబాటే కొన్ని దశాబ్దాల తరువాత విదేశాంగ విధానానికి కొత్త హద్దుగా మారడం ఈ చరిత్రలో పదేపదే కనిపిస్తుంది. దీనిమీద జరగవలసినంత చర్చ మన దగ్గర జరగలేదు.

తొలి దశాబ్దంలో నెహ్రూ అనుసరించిన అలీన విధానం మాటలకే పరిమితమైనది కాదు. భిలాయి ఉక్కు కర్మాగారం సోవియట్ సాయంతో, రూర్కెలా పశ్చిమ జర్మనీ సాయంతో, దుర్గాపూర్ బ్రిటన్ సాయంతో వచ్చాయి. ఒకరిని చూపి మరొకరి దగ్గర సాయం రాబట్టుకోగల నేర్పు అప్పట్లోనే ఉంది. అయితే కర్మాగారాలు కట్టుకుంటున్న ఆ దేశానికి సొంత గింజలు చాలలేదు. 1956లో అమెరికాతో పీఎల్-480 (ఆ దేశ ఆహార సాయ చట్టం) కింద ఒప్పందం కుదిరింది. మిగులు గోధుమలను డాలర్లకు బదులు రూపాయలకే ఇవ్వడం దాని ప్రత్యేకత. తేలిగ్గా దొరికినంత కాలం ఆ గోధుమలు పెద్ద సమస్యగా కనిపించలేదు.

1965, 1966 సంవత్సరాల్లో వరుసగా వర్షాలు ముఖం చాటేయడంతో అసలు సంగతి బయటపడింది. 1964-65లో సుమారు 8.9 కోట్ల టన్నులున్న ఆహారధాన్యాల దిగుబడి మరుసటి ఏడాది 7.2 కోట్ల టన్నులకు పడిపోయింది. 1966లో దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. వియత్నాంపై అమెరికా బాంబుదాడులను భారత్ విమర్శిస్తూ ఉండటం నచ్చని అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఏడాదికి సరిపడా ఒప్పందం కాకుండా కొద్ది నెలలకు సరిపడా మాత్రమే ఓడలు వదిలే పద్ధతి పెట్టాడు. తరువాతి ఓడ ఎప్పుడు వస్తుందో తెలియని స్థితిలో రేషన్ దుకాణాలు నడిచాయి. అదే ఏడాది జూన్ 6న రూపాయి విలువను డాలరుకు 4.76 నుంచి 7.50కి తగ్గించారు. దాని వెనుక అమెరికా, ప్రపంచ బ్యాంకుల ఒత్తిడి ఉందన్న ఆరోపణ ఇందిరాగాంధీని చాలాకాలం వెంటాడింది. 1967 ఎన్నికల్లో కాంగ్రెస్ అనేక రాష్ట్రాల్లో అధికారం కోల్పోవడానికి ధరలు, తిండి కొరత ముఖ్య కారణాలు.

ఆ అవమానం నుంచే హరిత విప్లవం వేగం పుంజుకుంది. వ్యవసాయ మంత్రి సి. సుబ్రమణ్యం, శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్‌ల పట్టుదలతో 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టిరకం గోధుమ విత్తనాలు వచ్చాయి. అంతకు ముందు ఏడాదే భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడ్డాయి. 1964-65లో 1.2 కోట్ల టన్నులున్న గోధుమ దిగుబడి ఐదేళ్లలో రెండు కోట్ల టన్నులు దాటింది. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకుని, ఆ డిసెంబరులో అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతం వైపు వచ్చినా వెనక్కి తగ్గకుండా బంగ్లాదేశ్ యుద్ధాన్ని ముగించగలిగామంటే, దానికి సోవియట్ అండతో పాటు గోదాముల్లోని గోధుమలు కూడా కారణమేనని నా అభిప్రాయం. 1966లో ఉన్న పరిస్థితే 1971లోనూ ఉండి ఉంటే ఆ నిర్ణయాలు మరోలా ఉండేవి.

ఆ విజయానికి ప్రతిఫలంగా రైతుతో రాజ్యం ఒక ఒప్పందానికి వచ్చింది. కనీస మద్దతు ధర, ప్రభుత్వ సేకరణ, రాయితీ ఎరువులు, క్రమేణా చౌక లేదా ఉచిత విద్యుత్తు అందులో భాగాలు. పంజాబ్, హర్యానా, కోస్తాంధ్ర డెల్టాల్లో మిగులు చూసిన వ్యవసాయ కులాలు రాజకీయంగా బలపడి, ప్రాంతీయ పార్టీలకు ఊతమిచ్చాయి. ఆ ఒప్పందాన్ని కదిలించడం ఎంత కష్టమో 2020లో తెచ్చిన మూడు సాగు చట్టాలు చూపించాయి. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా సాగిన రైతుల ఆందోళన తరువాత 2021 నవంబరులో వాటిని ఉపసంహరించుకోక తప్పలేదు. 2025లో అమెరికాతో వాణిజ్య చర్చలు చిక్కుకున్నది కూడా ఈ ముడి దగ్గరే. అమెరికా తన మొక్కజొన్న, సోయా, పాల ఉత్పత్తులకు భారత మార్కెట్ తెరవమని అడిగింది. పాడి మీద ఆధారపడిన కుటుంబాలు ఈ దేశంలో సుమారు ఎనిమిది కోట్లు. గోధుమల కోసం అమెరికా మీద ఆధారపడకూడదని అరవై ఏళ్ల కిందట కట్టుకున్న గోడే అప్పుడు అమెరికాతో బేరానికి అడ్డుగా నిలిచింది. ఏ పార్టీ ప్రభుత్వమైనా దాన్ని కూల్చే సాహసం చేయదు.

రెండో కొరత 1990-91లో ముంచుకొచ్చింది. 1990 ఆగస్టులో ఐదు రోజుల వ్యవధిలో రెండు సంఘటనలు జరిగాయి. 2వ తేదీన ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. 7వ తేదీన మండల్ కమిషన్ సిఫార్సుల మేరకు వెనుకబడిన తరగతులకు కేంద్ర ఉద్యోగాల్లో 27 శాతం రిజర్వేషన్‌ను ప్రధాని వి.పి. సింగ్ ప్రకటించారు. చమురు ధర ఎగబాకింది, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము తగ్గిపోయింది, అక్కడి నుంచి లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తేవలసి వచ్చింది. ఇంట్లో ఉత్తరాది వీధులు రిజర్వేషన్ల గొడవతో అట్టుడికాయి. ఏడాదిలోపు రెండు ప్రభుత్వాలు కూలాయి. 1991 జూన్ నాటికి విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మించి చాలని దశకు చేరాయి. జులైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని తాకట్టు కింద విదేశాలకు పంపింది.

పార్లమెంటులో సొంత మెజారిటీ లేని పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఆ పరిస్థితిలో ఆర్థిక విధానంతో పాటు విదేశాంగ విధానాన్ని కూడా తిరగరాసింది. మన పత్రికలు పీవీని సంస్కరణలకే పరిమితం చేసి చూస్తాయి కానీ, సోవియట్ యూనియన్ కూలిన నెల రోజులు దాటగానే ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు నెలకొల్పడం, తూర్పు ఆసియా వైపు మళ్లడం, 1993లో చైనాతో వాస్తవాధీన రేఖ వెంట శాంతి ఒప్పందం చేసుకోవడం అంతకు తక్కువ పనులేమీ కావు. దాని ఫలితం 1998లో తెలిసింది. పోఖ్రాన్‌లో అణు పరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు విధిస్తే, ఆ ఆగస్టులో ప్రవాస భారతీయులకు బాండ్లు అమ్మి 400 కోట్లకు పైగా డాలర్లు సమీకరించగలిగారు. పదేళ్ల తరువాత అదే అమెరికా, అణు ఇంధన సరఫరా దేశాల బృందంలో భారత్‌కు మినహాయింపు ఇప్పించింది.

అయితే 1991 సర్దుబాటుకు కూడా ఓ ఖరీదుంది. తరువాతి వృద్ధి ఎక్కువగా సేవారంగం మీద నడిచింది. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ 1998లో మొదలైంది. ఇంజినీరింగ్ కళాశాలలు జిల్లా జిల్లాకూ వెలిశాయి, అమెరికా చదువు మధ్యతరగతి కుటుంబాల తొలి కోరికైంది. పొలం వదిలి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఆఫీసుకు వెళ్లే దారిలో మధ్య మెట్టు మాత్రం సరిగా పడలేదు. 2011 నాటి జాతీయ తయారీ విధానం 2022 కల్లా జీడీపీలో తయారీ రంగం వాటాను 25 శాతానికి చేర్చాలనుకుంది. అది దాని దరిదాపులకు కూడా రాలేదు. జీడీపీలో ఐదో వంతు కూడా ఇవ్వని వ్యవసాయంలో 2023-24లో కూడా దాదాపు 46 శాతం మంది పనివారున్నారు. కోవిడ్ తరువాత ఈ వాటా తగ్గవలసింది పోయి పెరిగింది. కేంద్ర శ్రామిక శక్తి సర్వే ప్రకారం పని చేస్తున్న లేదా పని వెతుకుతున్న మహిళల వాటా 2017-18లో 23 శాతం నుంచి 2023-24లో 41 శాతం దాటిందన్నది ఘనంగా చెప్పుకునే లెక్కే. అందులో చాలా భాగం సొంత పొలంలోనో ఇంటి వ్యాపారంలోనో జీతం లేని పనేనన్న సంగతిని కూడా అదే సర్వేలో చదువుకోవాలి.

ఈ ఖాళీ మెట్టు భారత్‌ను ఏకకాలంలో రెండు దేశాల మీద ఆధారపడేలా చేసింది. చదువుకున్న యువత ఆశలు అమెరికా చేతిలో పడ్డాయి. హెచ్-1బీ వీసాల్లో 70 శాతానికి పైగా భారతీయులకే వెళ్తున్న స్థితిలో, 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లో పుట్టిన కలవరం ఏ యుద్ధవార్తకూ పుట్టదు. మరోవైపు పరిశ్రమల ముడిసరుకు చైనా చేతిలో పడింది. గల్వాన్ తరువాత చైనా యాప్‌లను నిషేధించాం, అంతకు కొద్దిముందే ఆ దేశ పెట్టుబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశాం. దిగుమతులు మాత్రం పెరుగుతూనే పోయి, 2024-25లో చైనాతో వాణిజ్య లోటు 9,900 కోట్ల డాలర్లకు చేరింది. మందుల తయారీకి దిగుమతి చేసుకునే ముడి రసాయనాల్లో సింహభాగం అక్కడి నుంచే వస్తుంది. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాలు, వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతిపై నియంత్రణలు పెట్టగానే మన వాహన కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. తియాన్‌జిన్ ప్రయాణాన్ని ఈ లెక్కలతో కలిపి చదివితే అందులో వింతేమీ ఉండదు.

రష్యా సంగతి కొంత వేరు. స్టాక్‌హోమ్ అంతర్జాతీయ శాంతి అధ్యయన సంస్థ (సిప్రి) లెక్కల ప్రకారం 2010-14 మధ్య భారత ఆయుధ దిగుమతుల్లో 72 శాతం రష్యావి కాగా, 2020-24 నాటికి ఆ వాటా 36 శాతానికి తగ్గింది. అదే సమయంలో 2022కు ముందు రెండు శాతం కూడా లేని రష్యా ముడిచమురు వాటా ఉక్రెయిన్ యుద్ధం తరువాత మూడో వంతుకు మించింది. అవసరాల్లో 85 శాతానికి పైగా చమురును దిగుమతి చేసుకునే దేశం, ధర తగ్గించి అమ్ముతున్న చోట కొనకపోతేనే ఆశ్చర్యపడాలి. 50 శాతం సుంకం వల్ల చమురు శుద్ధి కర్మాగారాలకు నేరుగా వచ్చిన నష్టం లేదు. తిరుప్పూరు బట్టల మిల్లులకు, ఆంధ్రప్రదేశ్ తీరంలోని రొయ్యల రైతులకు ఆ దెబ్బ తగిలింది. చౌక చమురు లాభం ఒకరిది, దానికి చెల్లించిన మూల్యం మరొకరిది. ఈ పంపకం గురించి పార్లమెంటులో జరిగిన చర్చ చాలా తక్కువ.

తిరుప్పూరులో కుట్టుమిషన్ల ముందు కూర్చునేవారిలో బీహార్, ఒడిశా, జార్ఖండ్ వలస కార్మికులు చాలామంది ఉంటారు. విదేశాంగ విధానానికి, జనాభా మార్పులకు ఉన్న సంబంధం అక్కడ కంటికి కనిపిస్తుంది. 1952లోనే జాతీయ స్థాయిలో కుటుంబ నియంత్రణ చేపట్టిన దేశం మనది. దాన్ని శ్రద్ధగా పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో 42వ రాజ్యాంగ సవరణ లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1971 జనాభా దగ్గర నిలిపేసింది. 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తరువాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. ఈలోగా ఉత్తర, దక్షిణాల మధ్య అంతరం పెరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకు సగటు సంతానం బీహార్‌లో 3.0 కాగా, తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. ఒక తరం కిందట పిల్లలు వద్దని ప్రచారం చేసిన రాష్ట్రంలో ఇప్పుడు ముఖ్యమంత్రే పిల్లల్ని కనమంటున్నారు.

యువత ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఫ్యాక్టరీలు తక్కువ, ఫ్యాక్టరీలున్న రాష్ట్రాల్లో వయసు మీరుతున్న జనం ఎక్కువ. సీట్లు జనాభా ప్రకారం మారితే ఎగుమతుల మీద బతికే రాష్ట్రాల మాటకు ఢిల్లీలో విలువ తగ్గుతుందన్న భయం దక్షిణాదిలో ఉంది. ఇన్ని దశాబ్దాలుగా తమ ఓటుకు సమాన విలువ దక్కలేదన్న వాదన ఉత్తరాదిలో ఉంది. రెండింటిలోనూ న్యాయముంది, అందుకే ఇది తేలిగ్గా తెగదు. వాణిజ్య ఒప్పందాల్లో ఏ రంగాన్ని కాపాడాలి, ఏ రంగాన్ని వదులుకోవాలి అన్న నిర్ణయం చివరికి లోక్‌సభలో ఎవరి బలం ఎంత అన్న దాన్ని బట్టే ఉంటుంది.

2021లో జరగవలసిన జనగణనకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. దేశంలో చాలా భాగానికి 2027 మార్చి 1 దానికి లెక్క తేదీ. 1931 తరువాత మొదటిసారి జనగణనలో అన్ని కులాల వివరాలూ చేరుతున్నాయి. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లు కేటాయిస్తూ 2023లో చేసిన 106వ సవరణను కూడా జనగణనకు, ఆ తరువాతి నియోజకవర్గాల పునర్విభజనకే ముడిపెట్టారు. ఉత్తర, దక్షిణాల వాటా, వెనుకబడిన కులాల వాటా, మహిళల వాటా అనే మూడు తగువులు ఇలా ఒకే లెక్క చుట్టూ చేరాయి. ఆ అంకెలు వెలువడే నాటికి వాషింగ్టన్‌తోనూ బీజింగ్‌తోనూ బేరాలు కూడా సాగుతూనే ఉంటాయి.