సాలిడ్ మెకానిక్స్‌లో తెలిసింది నలుగురితో పంచుకోవడం: అపోహలు - వాస్తవాలు

బలాలు పడినప్పుడు ఘన పదార్థాలు ఎలా వంగుతాయో, ఎలా విరుగుతాయో చెప్పేది సాలిడ్ మెకానిక్స్. చెన్నైలో తరమణి, గిండీ చుట్టుపక్కల మన తెలుగు పిల్లలు చాలామంది ఫ్రాక్చర్ (పగులు), ఫెటీగ్ (పదేపదే లోడు పడి మెటీరియల్ దెబ్బతినడం), కాంపోజిట్స్ (వేర్వేరు పదార్థాలు కలిపి చేసినవి) మీద పీహెచ్‌డీలు చేస్తున్నారు. ఇంకొందరు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు), అంబత్తూరు కంపెనీల్లో స్ట్రెస్ ఎనాలిసిస్ (పార్టు లోపల ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కించడం) చేస్తున్నారు. నేను రెండు వైపులా పనిచేశాను. ఒకే చిక్కు మీద పక్కపక్క బిల్డింగుల్లో ఇద్దరు నెలల తరబడి తల పట్టుకుని కూర్చోవడం, ఒకరు కనుక్కున్నది రెండోవారికి చేరకపోవడం చూస్తే బాధేస్తుంది. చెప్పకూడదని కాదు, కొన్ని అపోహలే వాళ్లను ఆపుతున్నాయి.

అపోహ: పేపర్ రాకముందే ఆన్‌లైన్‌లో పెడితే జర్నల్ తీసుకోదు, పైగా ఐడియా ఎవరో కొట్టేస్తారు.

వాస్తవం: జర్నల్లో రాకముందే పేపర్లను (ప్రీప్రింట్లను) ఆన్‌లైన్‌లో పెట్టే ఆర్కైవ్ (arXiv) సైటు 1991 నుంచి నడుస్తోంది. మన రంగంలో పేరున్న జర్నళ్లు చాలావరకు ప్రీప్రింట్‌ను ఒప్పుకుంటాయి. పంపే ముందు ఆ జర్నల్ నియమాలు ఒకసారి చదువుకోండి. తేదీతో సహా మీ పేరు మీద నమోదవుతుంది కాబట్టి ప్రీప్రింట్ మీకే రక్షణ. పేటెంట్ వేసే ఆలోచన ఉంటే మాత్రం ఆగండి. దరఖాస్తుకు ముందే బయటపెడితే మన చట్టం ప్రకారం కొత్తదనం పోయినట్టే, మినహాయింపులు చాలా తక్కువ. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు, ఆ తర్వాతే ప్రీప్రింట్.

అపోహ: పేపర్లో అన్నీ రాశాం కదా, ఇంకా పంచుకోవడానికి ఏముంది?

వాస్తవం: నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. పేపర్లో సమీకరణాలు ఉంటాయి, గ్రాఫులు ఉంటాయి. ఆ గ్రాఫు రావడానికి పడ్డ పాట్లు ఉండవు. అబాకస్ అనే స్ట్రెస్ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో సొంత మెటీరియల్ మోడల్ రాసేవాళ్లను అడగండి. అందులో లెక్క చేసే భాగాలు రెండు: స్టాండర్డ్, ఎక్స్‌ప్లిసిట్. స్టాండర్డ్‌కు రాసే యూమ్యాట్ అనే కోడ్‌లో షియర్ (పొరలను పక్కకు జరిపే) స్ట్రెస్‌ల వరుస 12, 13, 23; ఈ అంకెలు దిశలను చెప్తాయి. ఎక్స్‌ప్లిసిట్‌కు రాసే వీయూమ్యాట్‌లో 12, 23, 31. మొదటిదాంట్లో షియర్ స్ట్రెయిన్ (ఆకారం ఎంత మారిందో చెప్పే కొలత), సిద్ధాంతంలో వాడే టెన్సర్ విలువకు రెండింతలుగా వస్తుంది, రెండోదాంట్లో టెన్సర్ విలువే వస్తుంది. ఒకదాని కోడ్ ఇంకోదాంట్లోకి ఎత్తి రాస్తే, ఒకే దిశలో లాగే టెస్టులో అంతా బాగానే కనిపిస్తుంది. షియర్ వచ్చినప్పుడే తేడా కొడుతుంది. వరుస మాన్యువల్లో ఉంటుంది. తప్పు ఏ రూపంలో కనబడుతుందో, దేన్ని చూసి పట్టుకోవాలో అనుభవమున్నవాళ్లే చెప్పగలరు.

మెటీరియల్ దెబ్బతినడాన్ని లెక్కించే డ్యామేజ్ మోడళ్ల సంగతి ఇంకా తీవ్రం. మెటీరియల్ బలం తగ్గుతూ పోయే దశను లెక్కించేటప్పుడు, మోడల్లో ఒక పొడవు కొలత లేకపోతే, జవాబు మెష్ (మోడల్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టే వల) సైజును బట్టి మారిపోతుంది. మెష్ ఇవ్వకుండా గ్రాఫు ఒక్కటే ఇస్తే చదివేవాళ్లు దాన్ని సరిచూడలేరు.

2012లో అమెరికాలోని సాండియా నేషనల్ లేబొరేటరీస్ ఒక పరీక్ష పెట్టింది. మామూలు మార్కెట్లో దొరికే స్టీలుతో చేసిన ముక్కలో పగులు ఎక్కడ మొదలై ఎటు పోతుందో, టెస్టు ఫలితం చూడకుండా ముందే లెక్కించి చెప్పాలి. 13 బృందాలు పాల్గొన్నాయి. జవాబుల్లో ఒకదానికొకటి పొంతన కుదరలేదు. ఆ ఫలితాలన్నీ దాచకుండా 2014లో ప్రచురించారు. ఏ పద్ధతి ఎక్కడ బలహీనమో అందరికీ తెలిసింది ఆ ధైర్యం వల్లే.

అందుకే ఇన్‌పుట్ ఫైలు, మెష్, కోడ్, టెస్టు ముడి డేటా కలిపి పెట్టండి. యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో సైటులో ఉచితంగా పెట్టుకోవచ్చు, డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) కూడా ఇస్తారు.

అపోహ: పెద్ద జర్నల్లో రానిది పనికిరాదు.

వాస్తవం: లోడు పడి తగ్గే ఒక్కో సైకిల్‌కీ పగులు ఎంత పెరుగుతుందో చెప్పే పారిస్ సూత్రం లేకుండా ఈరోజు విమానాల తనిఖీ లెక్కలు నడవవు. ఆ ఆలోచనతో పాల్ పారిస్, ఆయన సహచరులు రాసిన పేపర్‌ను పేరున్న జర్నళ్లు తిప్పి పంపాయి. చివరికి 1961లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ (సియాటిల్) పత్రికలో వచ్చింది.

అపోహ: ప్రశ్న అడిగితే తెలియనివాడని తేలిగ్గా చూస్తారు.

వాస్తవం: సగం చెప్పి అడిగితేనే జవాబు రాదు. "సార్, కన్వర్జ్ అవట్లేదు (లెక్క ఒక జవాబు దగ్గర నిలవట్లేదు)" అంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు? యూనిట్లు, బౌండరీ కండిషన్లు (మోడల్‌ను ఎక్కడ ఎలా పట్టి ఉంచారో), ఎలిమెంట్ (మెష్ ముక్క) రకం, మెటీరియల్ విలువలు, ఎర్రర్ మెసేజ్ రాయండి. అబాకస్‌కు సొంత యూనిట్లు లేవు. మిల్లీమీటర్లు, న్యూటన్లు, సెకన్లతో మోడల్ కట్టి స్టీలు సాంద్రత 7850 (ఘనమీటరుకు కిలోల్లో) అని ఇస్తే కంపన ఫ్రీక్వెన్సీలన్నీ తప్పుతాయి. అక్కడ ఇవ్వాల్సింది 7.85e-9 (ఘనమిల్లీమీటరుకు టన్నుల్లో). వివరాలతో అడిగిన ప్రశ్నకు పెద్ద ప్రొఫెసర్లు కూడా ఓపిగ్గా జవాబివ్వడం నేను చూశాను. ఫ్రాక్చర్ బేసిక్స్ కావాలంటే ఆన్‌లైన్ పాఠాల సైటు ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ కె. రమేశ్ గారి పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ముందు అవి చూసి అడిగితే ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది.

అపోహ: కంపెనీలో ఉన్నవాళ్లు బయట ఏమీ మాట్లాడకూడదు.

వాస్తవం: డ్రాయింగులు, లోడ్లు, కస్టమర్ పేరు బయటపెట్టకూడదు, నిజమే. కానీ చిక్కు సాధారణంగా పార్టులో ఉండదు, పద్ధతిలో ఉంటుంది. మీ పార్టు ఒక బ్రాకెట్ అనుకుందాం, దాన్ని తీసేసి, దాని చోట మధ్యలో రంధ్రమున్న పలక పెట్టి అదే చిక్కు వస్తుందేమో చూడండి. పెద్ద పలకను ఒక దిశలో లాగితే రంధ్రం అంచున స్ట్రెస్ 3 రెట్లు అవుతుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే లెక్క తేల్చాడు కాబట్టి, మీ మోడల్ సరిగ్గా ఉందో లేదో వెంటనే తెలిసిపోతుంది. అక్కడా తేడా వస్తే ఆ చిన్న ఫైలును మీ మేనేజర్‌కు చూపించి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఆన్‌లైన్‌లో పెట్టండి.