ఉప్పునీటి రీఫ్ ట్యాంకు రెడీమేడ్‌గా కొంటున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

ఆదివారం రీఫ్ ట్యాంకు, అంటే సముద్రపు చేపలు, కోరల్స్ (పగడాలు) పెంచే తొట్టి, ఇంటికొస్తుంది. సోమవారం ఫోను: "అన్నా, నీళ్లు పోసేసినాం, ఉప్పు కలిపినాం, పంపు తిరగతా ఉంది. సాయంత్రం చెన్నై పోయి రెండు క్లౌన్ చేపలు, నాలుగు కోరల్స్ తెచ్చేదా?" వద్దంటే వినరు. గురువారం ఇంకో ఫోను వస్తుంది. ఈసారి గొంతులో ఆ హుషారుండదు.

అపోహ: రెడీమేడ్ కాబట్టి ఆ రోజే చేపలు వేసుకోవచ్చు.

ఆల్-ఇన్-వన్ ట్యాంకు కొంటే వచ్చేది గాజు తొట్టి, దాని వెనక అరలు, నీటిని మళ్లీ తొట్టిలోకి తోసే రిటర్న్ పంపు, ఒక లైటు. చేప వదిలే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఆ అట్టపెట్టెలో రాదు. అది రాళ్ల మీద, ఇసుకలో పెరగాలి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. ఇదంతా కుదురుకోడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు.

"గోల్డ్ ఫిష్‌కి ఇవేమీ చూడలేదే, బతికినాయి కదా" అంటారు. సరిగ్గా అక్కడే మోసపోతారు. పీహెచ్ 7 దగ్గరుండే మంచినీటిలో అమ్మోనియా చాలా మటుకు అమ్మోనియంగా ఉండిపోతుంది, మొప్పలకి అంత చేటు చేయదు. పీహెచ్ ఒక్క పాయింటు పెరిగితే విషంగా మారే వాటా దాదాపు పది రెట్లవుతుంది. రీఫ్ ట్యాంకు పీహెచ్ 8.1 నుంచి 8.4. నీళ్లు వేడెక్కితే ఇంకా ఎక్కువ. అందుకే టెస్ట్ కిట్‌లో రంగు ఒకటే చూపించినా గోల్డ్ ఫిష్ తట్టుకుంటుంది, క్లౌన్ తట్టుకోదు.

చేయాల్సింది ఇది. రాళ్లు, ఇసుక సర్ది, ఉప్పునీళ్లు నింపి, పంపు తిప్పండి. లైటు ఆపే ఉంచండి, వెలిగిస్తే నాచు పెంచినట్టే. అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో అమ్మోనియాని 2 పీపీఎంకి (లీటరుకి 2 మిల్లీగ్రాములు) తేవాలి. ఇల్లు కడిగే అమ్మోనియా వాడొద్దు, అందులో సబ్బు, సెంటు కలిసుంటాయి. రెండ్రోజులకోసారి టెస్ట్ చేయండి. అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది, కొన్నాళ్లకి అదీ దిగుతుంది. మళ్లీ 2 పీపీఎం వేసి చూడండి. 24 గంటల్లో రెండూ సున్నాకొస్తే సైకిల్, అంటే బ్యాక్టీరియా కుదురుకోవడం, అయినట్టు. అప్పుడు నీళ్లు కొంత మార్చి నైట్రేట్ దించి, ఒకటీ రెండూ చిన్న చేపలు. ఇంకో రెండు వారాలు ఆగి తర్వాతివి. మధ్యలో గాజుకి, ఇసుకకి గోధుమరంగు పొర పడుతుంది. భయపడి తొట్టంతా కడగకండి. అది డయాటమ్ అనే సన్నని నాచు, కొత్త ట్యాంకులో రావాల్సిందే, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది.

సీసాలో అమ్మే బ్యాక్టీరియా మంచిదైతే రోజులు తగ్గిస్తుంది. కానీ మే నెలలో కొరియర్ వ్యాన్‌లో ఉడికొచ్చిన సీసాని నమ్మేదెట్లా? అది పోసినా టెస్ట్ మానొద్దు.

అపోహ: హాల్లో ఏసీ ఉంది, నీటిని చల్లబరిచే చిల్లర్ దండగ.

ఏసీ రాత్రి వేస్తారు, పగలు ఆపుతారు. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది. పంపు, లైటు కలిసి నీటికి ఇంకో డిగ్రీ రెండు డిగ్రీలు చేరుస్తాయి. రీఫ్‌కి 25 నుంచి 27 డిగ్రీలు బాగు. 30 దాటి అలాగే నిలబడితే కోరల్ తనలోని ఆల్గేని (కంటికి కనపడని నాచుని) వెళ్లగొట్టి తెల్లబడుతుంది. నీటి మీదికి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది గానీ ఆ చల్లదనం నీళ్లు ఆవిరైతేనే వచ్చేది. పేరుకి 100 లీటర్ల ట్యాంకులో రాళ్లు, ఇసుక పోగా నికరంగా ఉండేది 80 లీటర్లు. అందులో 4 లీటర్లు ఆవిరైతే ఉప్పు అంతా అక్కడే ఉంటుంది, 35 పీపీటీ (కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు) కాస్తా దాదాపు 37కి పోతుంది. తగ్గిన నీటిని ఉప్పు కలపని శుద్ధమైన నీటితోనే నింపాలి, ఉప్పునీటితో కాదు. తగ్గిన నీటిని తనే నింపే ఆటో టాప్-అప్ పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది. చిల్లర్‌ని మాత్రం మూసిన స్టాండులో ఇరికించకండి, అది వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది.

అపోహ: వంటింటి ఆర్ఓ నీళ్లు, క్యాను నీళ్లు చాలు.

చాలవు. తాగే ఆర్ఓలో రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలుపుతారు, అందుకే నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు 50, 80 అని చూపిస్తుంది. ఇక్కడ సున్నా కావాలి. ఆర్ఓ మెంబ్రేన్ తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించండి. బోరు నీళ్లయితే రెజిన్ తొందరగా అయిపోతుంది, మీటరు చూసి మార్చాలి.

కల్లుప్పు గురించి కూడా అడుగుతారు. ఉప్పుమడిలో గడ్డకట్టేది దాదాపు సోడియం క్లోరైడే, కాల్షియం ముందే విడిపోతుంది, మెగ్నీషియం చేదునీటిలో (ఉప్పు గడ్డకట్టాక మిగిలే నీటిలో) మిగిలిపోతుంది. కోరల్‌కి కావాల్సినవి అవే. రీఫ్ సాల్ట్ 80 లీటర్లకి 3 కిలోల దాకా పడుతుంది, కలిపి రీఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పునీటి సాంద్రత చూపే పరికరం) 1.025, 1.026 చూసుకోండి. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు మన తిరుపతి జిల్లాకీ సముద్రతీరం వచ్చింది కదా, క్యాన్లతో తెచ్చుకుందామంటారా? ఒడ్డు నీటిలో బురద, రొయ్యల చెరువుల మురుగు ఉంటాయి. ఈశాన్య రుతుపవనంలో ఉప్పు శాతం కూడా పడిపోతుంది.

అపోహ: సముద్రం నుంచి వచ్చిన రాయి, చచ్చిన కోరల్ అయితే తప్పేం లేదు.

తప్పే, అదీ పెద్ద తప్పు. గట్టి కోరల్స్ అన్నీ, సముద్రపు గుర్రాలు, సీ ఫ్యాన్లు, సీ కుకుంబర్లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. బతికున్నా, ఎండిపోయినా ఒకటే, శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. "అందరూ అమ్ముతున్నారు" అనేది కోర్టులో పనికిరాదు. కృత్రిమ రాళ్లు వాడండి. కోరల్‌గా మష్రూమ్, జోయాంథిడ్, లెదర్ లాంటి మెత్తని రకాలు పెట్టుకోండి, అవీ బిల్లుతోనే.

చిన్న ట్యాంకు సులువనేది కూడా తప్పే. 30 లీటర్లలో ఉప్పు, వేడి గంటల్లో అటూ ఇటూ అవుతాయి, 100 లీటర్లకి తక్కువ వద్దు. అందులో ఒక జత క్లౌన్లు, ఒక గోబీ చేప చాలు. పెద్దగా పెరిగే బ్లూ టాంగ్ చేపకి చోటు లేదు. క్లౌన్‌కి అనీమోన్ (అది దాక్కునే సముద్రజీవి) తప్పనిసరి కాదు.

షాపుకి పోతే ముందు గాజు తళతళ చూడకండి, ట్యాంకు వెనక్కి పోండి. వెనక అరలో మీ చెయ్యి మణికట్టు దాకా దిగుతుందా? దిగకపోతే స్కిమ్మర్ (నురుగుతో మురికి లాగే పరికరం) పట్టదు, అడుగున చేరిన చెత్త తీయలేరు. పంపుండే ఆఖరి అర మరీ చిన్నదైతే ఒక్కరోజు నీళ్లు ఆవిరయ్యేసరికే పంపు గాలి పీల్చి గరగరమంటుంది. చిల్లర్ పైపులు దూర్చే సందుందా, మూత గాజా, జాలీనా చూడండి. గాజు మూత వేడిని బిగబడుతుంది, మూతే లేకపోతే గోబీ పొద్దున్నే నేల మీద దొరుకుతుంది. నీళ్లు, గాజు, రాళ్లు కలిసి 150 కిలోల దాకా అవుతుంది, టీవీ స్టాండు మీద పెట్టకండి. కరెంటు పోయినప్పటికి రిటర్న్ పంపు, నీటిని కదిలించే వేవ్ మేకర్ రెండిటినీ ఇన్వర్టర్ లైనులో వేయించండి. ఆ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే ఏసీ కరెంటుతో నడిచే పంపు జుయ్యిమని వేడెక్కుతుంది, సైన్ వేవ్ రకం తీసుకోండి.