దొర ఇవ్వని తుపాకి

చి. అమ్ములుకి, చి. చిన్నుకి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు బీరువాలోని జోడు గొట్టాల తుపాకి ఎవరిదని అడిగారు. "మా ముత్తాతకి దొర ఇచ్చాడు" అనేశాను. మా నాన్న నాకు చెప్పిన ముక్కే అది. 1879 రంప పితూరీలో, అంటే సర్కారు మీద కొండవాళ్ళ తిరుగుబాటులో, పటాలానికి కొండదారి చూపించినందుకు మెచ్చి ఇచ్చాడట. కొండవాళ్ళ మీదికి దారి చూపడం ఏం గొప్పని ఇన్నేళ్ళూ నాకు తట్టకపోవడం వేరే సిగ్గు. మీరు వెళ్ళాక ఆ కథే నిలబడలేదు.

తుపాకుల డీలరు దగ్గర గొట్టాలు విప్పించాను. (మీరు ముట్టుకోకండి, నేనే విప్పను.) విప్పితే తప్ప కనబడని చోట చిన్న చిన్న ముద్రలున్నాయి. ఇంగ్లండులో తుపాకిని అమ్మే ముందు మామూలుకంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి చూస్తారు. తట్టుకుంటేనే ముద్ర. ఆ పరీక్ష చేసే చోట్లు లండన్‌లో ఒకటి, బర్మింగ్‌హామ్‌లో ఒకటి. మనదాని మీద కిరీటం, దాని కింద బి.పి., ఎన్.పి. అక్షరాలు. బర్మింగ్‌హామ్‌లో ఈ గుర్తులు మొదలైంది 1904లో. మరి 1879లో ఏ దొర ఇచ్చినట్టు?

పక్కనే 12 అని ఉంది. అంగుళాలు కాదు చిన్నూ. ఒక పౌను బరువున్న సీసం లోహాన్ని సమానంగా 12 గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు పట్టేంత వెడల్పు ఆ గొట్టానిది. గొట్టాల మీద మద్రాసు దుకాణం పేరు చూసి వాళ్ళే చేశారనుకునేవాణ్ణి. బర్మింగ్‌హామ్ సరుకు తెప్పించి తమ పేరు చెక్కించుకుని అమ్మే షాపులు ఆ రోజుల్లో ఉండేవిట.

ఇక కాగితాలు. లైసెన్సు పుస్తకంలో తుపాకి నెంబరు ఉంటుంది, రెన్యువల్ ముద్రలు వరసగా ఉంటాయి. మనిషి పోతే తుపాకి స్టేషనులోనో డీలరు దగ్గరో అప్పగించాలి, వారసుడికి లైసెన్సు వచ్చాకే ఇంటికి. నాన్న పోయినప్పుడు నేనూ అలాగే తిరిగాను. ఎన్నికలప్పుడు స్టేషనులో పెట్టి తెచ్చుకున్న రసీదుల్ని నాన్న ఒక్కటి పారేయలేదు. వాటితో నాన్న దాకా, అక్కణ్ణించి మా తాత దాకా దారి దొరికింది. అంతకుముందువి లేవు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం మీద బాంబులు వేశాక, వన్‌టౌన్ ఇంటికి తాళం పెట్టి అనకాపల్లి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి కాగితాల పెట్టెని చెదలు సగం తినేశాయి.

అప్పుడు గుర్తొచ్చింది మా మేనత్త బుల్లెమ్మత్త. మొదటే అడగాల్సింది! తొంభై దాటినా మాట కరుకు. "దొరా లేదు, దిబ్బా లేదు. మా నాన్నకి, అదే మీ తాతకి, బాకీ కింద వచ్చిందిరా. ఇంట్లో చెప్పుకోడానికి నామోషీ, అందుకు దొర వచ్చాడు" అంది. మా తాత బెల్లం వ్యాపారం చేసేవాడని మీకు తెలుసు కదా. అత్త ట్రంకుపెట్టె అడుగున ఆయన చిట్టా కూడా ఉంది. 1930ల్లో పంటల ధరలు పడిపోయిన రోజుల పద్దు: "జోడు తుపాకి 1, బాకీ చెల్లు." పక్కన ఒక రైతు పేరు, ఇంటిపేరు, చోడవరం వైపు ఊరు.

ఆ వాక్యం చూసి చాలాసేపు కూర్చున్నాను. తుపాకి ఇచ్చుకునేదాకా వచ్చిందంటే ఆ ఇంట్లో అంతకుముందే ఏమేమి పోయి ఉంటాయో. ఆ రైతే కొన్నాడో, ఆయనకీ ఎవరి బాకీ కిందో వచ్చిందో చిట్టాలో లేదు. నెంబరుంది గనక తయారుచేసినవాళ్ళ పాత పుస్తకాలు మిగిలి ఉంటే మొదట ఎవరికి అమ్మారో తెలుస్తుంది. ఆ ఉత్తరం అమ్ములు రాయాలి, నా ఇంగ్లీషు కంటే దానిది నయం.

దసరా సెలవులకి రండి, ఆ ఊరు వెళ్దాం. తుపాకి బీరువాలోనే ఉంటుంది, లైసెన్సు లేని చేతికి ఇవ్వకూడదు. చిట్టా పేజీ ఫోటో తీసుకెళ్దాం. ఆ పెద్దాయన మనవలెవరైనా ఉంటే, వాళ్ళింట్లో ఈ తుపాకి గురించి ఏం చెప్పుకుంటారో అడుగుదాం. అక్కడ కూడా ఎవడో దొర తయారై ఉంటాడని నా అనుమానం.

మీ తాతయ్య