తుప్పును గీకకండి, నల్లబరచండి

పాత త్రీ నాట్ త్రీ రైఫిల్ మీద ఎర్రతుప్పు కనబడగానే చాలామంది ముందు అందుకునేది ఎమరీ పేపరు. అది కాదంటే ఏదో ఒక యాసిడ్ సీసా. రెండూ వద్దు. తుప్పు పోతుంది నిజమే, దాని వెంట కర్మాగారం వేసిన అసలు నల్లపూత కూడా పోతుంది. ఎందుకంటే ఆ పూత కూడా ఒక రకం తుప్పే. గీకే బదులు భాగాలను నీళ్లలో మరిగిస్తే, ఆ ఎర్రతుప్పే నల్లపూతగా మారుతుంది.

త్రీ నాట్ త్రీల్లో ఒకటైన, బ్రిటిష్ సైన్యం 1907లో తీసుకొచ్చిన షార్ట్ లీ-ఎన్‌ఫీల్డ్ మార్క్ త్రీ రైఫిల్‌నే చూద్దాం. ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్‌లోనే కాక, ఆస్ట్రేలియాలోని లిత్‌గోలో, కోల్‌కతా దగ్గరి ఈశాపూర్‌లో కూడా దీన్ని తయారుచేశారు. ఆ రోజుల్లో తుపాకీ ఉక్కును నల్లబరచడానికి దాని మీద కావాలనే సన్నగా తుప్పు పట్టించి, నీళ్లలో మరిగించి, రుద్ది, మళ్లీ తుప్పు పట్టించేవారు. ఎర్రతుప్పులో ఇనుము, ఆక్సిజన్‌తోపాటు నీటి అంశం కూడా ఉంటుంది. అది పొరలుగా లేచి, చెమ్మను పట్టి ఉంచి, కింది లోహాన్ని తింటూ పోతుంది. మరిగే నీళ్లలో అదే తుప్పు మాగ్నటైట్ అనే నల్ల ఆక్సైడ్‌గా మారుతుంది. ఇది లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, నూనెను పీల్చుకుంటుంది. ఈ మార్పుకు కింద ఉన్న ఇనుము కూడా కొంత ఖర్చవుతుంది. అందుకే ఊడిపోయి పైన వేలాడే తుప్పు పెచ్చులు ఎంత మరిగించినా సరిగా నల్లబడవు.

విప్పేముందు తుపాకీలో తూటా లేదని కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోవాలి. మన దేశంలో పనిచేసే తుపాకీల మరమ్మతుకు ఆయుధాల చట్టం, 1959 కింద లైసెన్సు ఉండాలి కాబట్టి ఆ పని లైసెన్సున్న గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసే పనివాడు) చేతిలోనే జరగాలి.

ఈ రైఫిల్‌ను విప్పడంలో ఒక ప్రమాదం ఉంది. వెనక బట్టును, అంటే భుజానికి ఆనించే కర్రను, పట్టి ఉంచే పొడవాటి బోల్టు కొస చదరంగా ఉండి, గొట్టం కింద ఉండే ముందు కర్ర చివరి పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు కర్ర తీయకుండా ఆ బోల్టు తిప్పితే కర్ర చీలుతుంది. కనుక మొదట ముందు కర్ర తీయాలి, ఆ తర్వాతే బట్టు. మరిగించే తొట్టిలోకి ఉక్కు భాగాలే వెళ్లాలి, కర్ర, ఇత్తడి పక్కన పెట్టాలి.

తర్వాత జిడ్డు. అసిటోన్‌తో, గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా తుడవాలి. నూనె మిగిలిన చోట నీళ్లు తాకవు, తుప్పు ఎర్రగానే ఉండిపోతుంది. గుడ్డకు నల్లరంగు అంటుకుంటే అది పూత కాదు, పెయింటు. పెయింటు కింది తుప్పుకు ఈ పద్ధతి పనికిరాదు.

గొట్టం పొడవు 25.2 అంగుళాలు, దాని వెనక రిసీవర్, అంటే తూటా ఎక్కించే యంత్రాంగం ఉండే ఉక్కు భాగం, కూడా ఉంటుంది. అందుకని 36 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉన్న స్టీలు తొట్టి కావాలి. 3 అంగుళాల లోతుకు సుమారు 7 లీటర్ల నీళ్లు పడతాయి. గాల్వనైజ్డ్ రేకు, అల్యూమినియం వాడొద్దు. నీళ్లు కూడా డిస్టిల్డ్ వాటరే, బ్యాటరీల్లో పోసే రకం. బోరు నీళ్లయితే సున్నం తెల్లమచ్చలుగా దిగుతుంది, అందులోని క్లోరైడ్లు కొత్త తుప్పుకు విత్తనాలవుతాయి.

నీళ్లు తెర్లుతుండగా భాగాలను తీగకు వేలాడదీసి పూర్తిగా ముంచాలి. సగం మునిగితే నీటి మట్టం దగ్గర చార పడుతుంది. 20 నిమిషాలు ఆగకుండా మరగాలి. గోరువెచ్చని నీళ్లతో ఈ పని జరగదు. ఉక్కు పదును పోతుందన్న భయం అక్కర్లేదు, 100 డిగ్రీలు దాన్ని ఏమీ చేయవు.

బయటికి తీసిన లోహం వేడికే ఆరిపోతుంది. ఎర్రగా ఉన్నచోటు మఖమల్ లాంటి నలుపుగా మారి, వేలికి మసిలా అంటుతుంది. ఆ మసిని నాలుగు సున్నాల (0000) స్టీల్ ఊల్‌తో, అంటే అతి సన్నని ఉక్కు పీచుతో, నొక్కకుండా రుద్దాలి. స్టీల్ ఊల్‌కూ కర్మాగారపు నూనె ఉంటుంది, దాన్నీ ముందే అసిటోన్‌లో జాడించాలి. మసి కింద ఇంకా గోధుమరంగు కనిపిస్తే మళ్లీ మరిగించాలి. మామూలు తుప్పుకు రెండు మూడు విడతలు చాలు. నీళ్లు ఎర్రబడితే మార్చేయాలి.

గుంటలు మాత్రం గుంటలుగానే ఉంటాయి. తుప్పు తిన్న లోహం తిరిగి రాదు. వాటిని చదును చేయబోతే, తూటాను లోపలికి నెట్టే బోల్టు పిడి మీది నంబరు, రిసీవర్ మీది ముద్రలు అరిగిపోతాయి, సేకరణకర్త దృష్టిలో విలువ అక్కడే పడిపోతుంది. లోహం పూర్తిగా బయటపడ్డ చోట కూడా ఈ మరుగు నలుపు తేలేదు, మారడానికి అక్కడ తుప్పే లేదు కదా. అలాంటి చోట కోల్డ్ బ్లూ అనే, వేడి చేయకుండా రాసే నల్లబరిచే మందు రాయమని సలహా వస్తుంది. అది సెలీనియం, రాగి సమ్మేళనాల పూత, ఇనుము ఆక్సైడ్ కాదు. చేతుల రాపిడికి త్వరగా పోతుంది. బయటి అంచుల మీద బోడిగా ఉన్న ఉక్కును నూనెతో అలాగే వదిలేయడం నయం.

చివరి విడత అయ్యాక, లోహం ఇంకా వెచ్చగా ఉండగానే నూనె పట్టించి ఒక రాత్రి ఉంచాలి. గొట్టం లోపల ఏర్పడిన నల్లమసిని ఇత్తడి బ్రష్షుతో తీసేయాలి. లోపల గుంటలు లోతుగా ఉంటే, పైన ఎంత నిగనిగలాడినా గన్‌స్మిత్ కొలిచి చూసేదాకా ఆ గొట్టంలోంచి తూటా పేల్చకూడదు.