పొయ్యి ఎక్కకుండా తెల్లబడ్డ చేప

డాలస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు పోయిన వారం ఒక ఫొటో పంపాడు. గిన్నెలో తెల్లటి చేపముక్కలు, పైన సన్నగా చీరిన ఎర్ర ఉల్లిపాయ, కొత్తిమీర, పక్కన ఉడికించిన చిలగడదుంప. "పిన్నీ, ఇది పెరూ వాళ్ళ సెవిచే. పొయ్యి మీద పెట్టరట, నిమ్మరసంలోనే ఉడుకుతుందట. ఇంట్లో చేద్దామనుకుంటున్నా. ఇంతకీ ఇది పచ్చిదా, ఉడికిందా? దీనికి ఏవి వాడొచ్చు?"

రెండూ కాదు. ఎందుకు కాదో చూడాలని పండుగప్ప తెచ్చాను, తినడానికి కాదు, కోసి చూడటానికి. రెండు సెంటీమీటర్ల ముక్కలు చేసి నిమ్మరసంలో వేశాను. పది నిమిషాలకు ఒక ముక్కని బ్లేడుతో నిలువునా కోస్తే అంచు చుట్టూ రెండు మిల్లీమీటర్ల మేర సున్నం కొట్టినట్టు తెలుపు. లోపల మాత్రం అద్దంలా పచ్చిగానే ఉంది.

పచ్చి కోడిగుడ్డు సొనలోంచి చూస్తే అవతల వేలు కనపడుతుంది, ఉడికాక కనపడదు. అదే ఇదీ. ప్రోటీన్ అంటే కండెకి చుట్టిన నూలు అనుకోండి. వేడి ఆ కండెని విప్పేస్తుంది. విడిపోయిన దారాలు పక్క కండెల దారాలతో చిక్కుపడతాయి. ఆ చిక్కుల్లో వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి మనకి తెల్లగా కనపడుతుంది. బళ్ళో ఈ పాఠం చెప్పినన్నాళ్ళూ గుడ్డు ఒక్కటే ఉదాహరణగా చెప్పాను. పిల్లలకి వేడి ఒక్కటే ఆ పని చేస్తుందనిపించేలా చెప్పానేమోనని ఇప్పుడు సిగ్గేస్తోంది. ఎందుకంటే నిమ్మరసం కండెని విప్పే పద్ధతి ఇంకా చిత్రంగా ఉంటుంది.

పీహెచ్ అంటే పులుపు కొలత, అది ఎంత తగ్గితే అంత పులుపు. చేప కండలో అది ఆరున్నర దగ్గర ఉంటుంది. అక్కడ ప్రోటీన్ల మీద కాస్త ఋణావేశం ఎక్కువ. రసంలోని ప్రోటాన్లు, అంటే పులుపునిచ్చే ధనావేశ కణాలు, లోపలికి వెళ్ళేకొద్దీ ఆ ఆవేశం తగ్గి, పీహెచ్ అయిదున్నర ప్రాంతంలో ఇంచుమించు సున్నా అవుతుంది. ఒకదాన్నొకటి నెట్టుకోవడం ఆగి ప్రోటీన్లు దగ్గరికి ముడుచుకుంటాయి, పట్టుకున్న నీళ్ళు వదిలేస్తాయి. పాలల్లో నిమ్మకాయ పిండినప్పుడు జరిగేది ఇదే, కాకపోతే అక్కడ ఆ సున్నా గీత 4.6 దగ్గర ఉంటుంది. విరుగుడు నీళ్ళు గుర్తున్నాయి కదా? చేప వదిలిన ఆ నీళ్ళు నిమ్మరసంలో కలిసి పాలలా తెల్లబడతాయి. పెరూలో దాన్ని 'లేచే దె తీగ్రె' అంటారు, అంటే పులిపాలు. అయ్యప్ప అడవికెళ్ళి తెచ్చినవి కావు లెండి. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందని భయపడేవాళ్ళు కూడా నిశ్చింతగా తాగొచ్చు. ఆ భయమే ఉత్తది, పైగా ఇందులో పాలే లేవు.

నిమ్మరసం పీహెచ్ రెండున్నర లోపే కాబట్టి కథ అక్కడ ఆగదు. అంచు దగ్గర ప్రోటాన్లు ఇంకా చేరి దారాలన్నిటికీ ధనావేశం వస్తుంది, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కండె లోపలినుంచే విచ్చుకుంటుంది. గంటలకొద్దీ వదిలేస్తే అంచులు సుద్దలా అయిపోవడం ఇందువల్లే. ఇప్పుడు పెరూ రాజధాని లిమాలో చాలామంది కొద్ది నిమిషాలే నానబెడతారు. పెరూలో స్థిరపడ్డ జపనీయుల ప్రభావం అందులో ఉంది.

నలభై నిమిషాల తర్వాత కోసిన ముక్కలో తెలుపు నాలుగు మిల్లీమీటర్లే. లోతు రెట్టింపు కావాలంటే టైం నాలుగు రెట్లు, ఒక పదార్థం ఇంకోదాంట్లోకి మెల్లగా పాకే వ్యాపనం లెక్క అది. ముక్క చిన్నదైతేనే పని అవుతుంది.

ఇక వాడి రెండో ప్రశ్న, ఏవి వాడొచ్చని. సముద్రపు తెల్లచేప అయితే సరే. ఆక్టోపస్ వద్దు, దాన్ని పెరూలో కూడా ముందు ఉడకబెట్టే వేస్తారు. దాని కండలో కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ ఎక్కువ, అది వేడినీళ్ళకి కరుగుతుంది గానీ పులుపుకి అంత తేలిగ్గా మెత్తబడదు. స్క్విడ్‌ని మరుగుతున్న నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీస్తే చాలు. రొయ్యల్ని ఈక్వడార్‌లో ఉడికించే కలుపుతారు, నేనైతే అదే చెయ్యమంటాను. ఫ్రిజ్ బయట పడి ఉన్న ట్యూనా, కానాగంతలు అసలే వద్దు. వాటిలో పుట్టే హిస్టమిన్ అనే విషపదార్థం పులుపుకే కాదు, మంటకీ పోదు.

తెల్లబడితే క్రిములు చచ్చినట్టు కాదు, అసలు సంగతి ఇది. కలరా క్రిమికి పులుపు పడదు, నిజమే. కానీ అనిసాకిస్ అనే పురుగు మన కడుపులో ఆమ్లానికే లొంగనిది, నిమ్మకాయకి లొంగుతుందా? వండకుండా దాన్ని చంపేది చలి. అమెరికా నిబంధన ప్రకారం మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచాలి. ఇంట్లో ఫ్రీజర్ మామూలుగా మైనస్ 18 దగ్గరే ఉంటుంది కాబట్టి, అలా గడ్డకట్టించి అమ్మే చేపనే కొనమన్నాను. బాక్టీరియా ఆ చలికి కూడా చావవు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. చెరువు చేపలైతే ఎవరికీ వద్దు. మెక్సికోలో మంచినీటి చేపలతో చేసిన సెవిచే తిని నాథోస్టోమా పురుగు పట్టినవాళ్ళున్నారు. అది ఒంట్లో చర్మం కింద తిరుగుతుంది. మన కొర్రమీను జాతి దానికి ఇష్టమైన ఇల్లు.

ఇంకొకటి. పెరూ వాళ్ళు వాడే నిమ్మ మన గూడూరు మార్కెట్లో గుట్టలు పోసే కాగితపు నిమ్మ జాతే. స్పెయిన్ వాళ్ళ ఓడల్లో అక్కడికి చేరింది. మిరపకాయ ఇటు వచ్చింది, నిమ్మకాయ అటు వెళ్ళింది.

నేను కోసి చూసిన ముక్కలన్నీ సాయంత్రం పులుసులోకి వెళ్ళాయి. చింతపండు వెయ్యాల్సిన పని పడలేదు.