మతి తప్పింది మెదడుకు, మందు పేగుకు

సంతకం వంకర పోతుంది. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. నిన్నటిదాకా చకచకా లెక్కలు కట్టిన మనిషి ఇవాళ ఏ వారమో చెప్పలేక తడుముకుంటాడు. వయసు మీద పడిందిలే అనుకుంటారు ఇంట్లోవాళ్లు. కానీ కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వచ్చినవారిలో ఈ లక్షణాలను అలా వదిలేయకూడదు. చేతులు ముందుకు చాపి, మణికట్లు పైకి వంచి, వేళ్లు విడదీసి కాసేపు ఉంచమనండి. అరచేతులు ఉన్నట్టుండి కిందికి జారి, మళ్లీ పైకి లేస్తాయి, పక్షి రెక్క ఆడించినట్టు. కాలేయం పాడై మెదడును దెబ్బతీసే ఈ జబ్బు పేరు హెపాటిక్ ఎన్‌కెఫలోపతీ.

చిక్కంతా ప్రధానంగా అమ్మోనియాతోనే. మాంసకృత్తులు అరిగే క్రమంలో పేగుల్లో అది పుడుతుంది. బాగున్న కాలేయం దాన్ని యూరియాగా మార్చేస్తే మూత్రంలో పోతుంది. పాడైన కాలేయానికి ఆ సత్తువ ఉండదు. పైగా లోపల దారి బిగుసుకుపోవడంతో పేగుల నుంచి వచ్చే రక్తం కొంత పక్కదారులు పట్టి, కాలేయాన్ని తాకకుండానే ఒంట్లో కలిసిపోతుంది. మెదడులోని ఆస్ట్రోసైట్లు అనే కణాలు ఆ అమ్మోనియాను గ్లుటమిన్‌గా మారుస్తాయి. అది పేరుకున్నకొద్దీ అవి నీరుపట్టి ఉబ్బుతాయి. మొదట తికమక, ముదిరితే కోమా.

అందుకే వైద్యం పేగు దగ్గర మొదలవుతుంది. 1966 నుంచి వాడుకలో ఉన్న లాక్టులోజ్ ఒక తియ్యటి సిరప్. చిన్నపేగు దాన్ని అరిగించుకోలేదు. పెద్దపేగులోని బాక్టీరియా దాన్ని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తుంది. ఆ పులుపులో అమ్మోనియా అమ్మోనియం అయాన్‌గా మారి, రక్తంలోకి జారుకోలేక మలంతో బయటికి పోతుంది. రోజుకు రెండు మూడు మెత్తని విరేచనాలయ్యేలా మోతాదు సరిచూసుకోవాలి. ఎక్కువైతే ఒంట్లో నీరు తగ్గి, తగ్గాల్సిన మత్తు ఇంకా పెరుగుతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే రిఫాక్సిమిన్ కూడా ఇస్తారు. రక్తంలోకి దాదాపుగా చేరకుండా పేగులోనే పనిచేసే యాంటీబయాటిక్ ఇది. 2010లో వెలువడిన 299 మంది అధ్యయనంలో, ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టినవారు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో సుమారు 46 శాతం, రిఫాక్సిమిన్ వాడినవారిలో 22 శాతం. ఎక్కువమంది లాక్టులోజ్ కూడా తీసుకుంటున్నవారే.

మందు ఒక్కటే చాలదు, మత్తును రేపిందేమిటో వెతకాలి. ఇన్ఫెక్షనా, కడుపులో రక్తస్రావమా, మలబద్ధకమా, పొటాషియం తగ్గడమా? రాత్రి నిద్రపట్టడం లేదు పాపం అని ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ ఇచ్చే నిద్రమాత్ర కూడా ప్రమాదమే. కాలేయం పూర్తిగా చేతులెత్తేస్తే మార్పిడే దారి.

నాకు బాధ కలిగించేది మాత్రం తిండి సంగతి. కాలేయానికి వెళ్లే రక్తాన్ని శస్త్రచికిత్సతో పక్కకు మళ్లించిన కుక్కలు మాంసం తిన్నాక తూలి, మూర్ఛలొచ్చి పడిపోవడాన్ని 1893లో రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ బృందం వివరించింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు రోగులకు మాంసకృత్తులు తగ్గించేశారు. రోగులు చిక్కి శల్యమయ్యారు. కాలేయం చేయలేని పనిని కొంత భుజానికెత్తుకుని అమ్మోనియాను పీల్చుకునేది కండరాలే. ఉన్న కండను కూడా కరిగించేశామన్నమాట! ఇప్పుడు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు తినమంటున్నారు. రాత్రి పడుకోబోయే ముందు మరికాస్త పెట్టమంటున్నారు, ఎందుకంటే చక్కెర నిల్వలు లేని కాలేయంతో తెల్లవార్లూ పస్తుంటే ఒళ్లు తన కండనే తినేస్తుంది.