తోడు చెంచా

చి. అమ్ములుకి, మిగతా పిల్లలకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అమ్ములు ఒక మాట అడిగింది. షికాగోలో దాని క్లాస్‌మేట్ ఒకమ్మాయి శనివారాలు ఆటలకు రాదట, యూరప్‌లోని లిథువేనియా దేశపు భాష నేర్పే బడికి వెళ్తుందట. "వాళ్ళ నాన్న కూడా ఇక్కడే పుట్టారు తాతయ్యా. చూడని దేశం వాళ్ళదెలా అవుతుంది?"

పెరుగు తోడుపెట్టడం చూశారుగా. నా చిన్నప్పుడు ఒక రాత్రి పిల్లి మా పెరుగు గిన్నె దొర్లించేసింది. అమ్మ నన్ను తోడుకి పక్కింటికి పంపింది. వాళ్ళు వేసింది ఒక్క చెంచా. దాన్నే రెండు చేతులా పట్టుకుని చీకట్లో తొణక్కుండా నడిచాను. పొద్దున్నకి మా పాలు గడ్డ పెరుగయ్యాయి. వాళ్ళకి ఆ తోడు ఎవరిచ్చారు, ఆ ఇచ్చినవాళ్ళకి ఎవరిచ్చారు అని అమ్మను విసిగించాను.

1944లో సోవియట్ సైన్యం మళ్ళీ వస్తోందని వేలాది లిథువేనియా కుటుంబాలు జర్మనీ వైపు పారిపోయాయి. యుద్ధం ముగిశాక శరణార్థి శిబిరాల్లో ఉంటూనే పిల్లలకు తమ భాషలో బళ్ళు పెట్టుకున్నాయి. తోడు దాచుకోవడం వాళ్ళకి కొత్త కాదు. 1864 నుంచి 1904 దాకా వాళ్ళని ఏలుతున్న రష్యా చక్రవర్తి (జారు) ప్రభుత్వం లాటిన్ అక్షరాల్లో లిథువేనియన్ పుస్తకాలు అచ్చువేయనివ్వలేదు. అప్పుడు పుస్తకాలు దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చేవి. తల్లులు రాట్నం తిప్పుతూనే పిల్లలకు చదువు చెప్పారు.

శిబిరాల నుంచి ఎంతోమంది షికాగో చేరారు. పాలు అమెరికావే, తోడు మాత్రం అక్కడిది. అయితే పిల్లలూ, మరిగే పాలలో తోడు వేస్తే చెడుతుంది, చల్లటి పాలలో వేస్తే తోడుకోదు. తిట్టి బడికి లాక్కెళ్ళినా, అసలేమీ చెప్పకపోయినా అంతే. గోరువెచ్చగా ఉండాలి. 1944లో కుర్రాడిగా దేశం వదిలి, దశాబ్దాలు షికాగోలో ఉన్న వల్దాస్ ఆదమ్కుస్ 1998లో లిథువేనియాకి అధ్యక్షుడయ్యారు.

ఇంకోటి. వాళ్ళ భాషలో నిప్పు 'ఉగ్నిస్', పొగ 'దూమై'. మన అగ్ని, ధూమం పక్కన పెట్టి పైకి పలకండి. నాకైతే ఒళ్ళు పులకరిస్తుంది.

అమ్ములూ, డిసెంబరు 24 రాత్రి వాళ్ళు 'కూచియోస్' భోజనం చేస్తారు. మాంసం లేకుండా పన్నెండు వంటకాలు, బల్ల మీద గుడ్డ కింద ఎండుగడ్డి, ఆ ఏడు పోయినవాళ్ళ కోసం ఒక ఖాళీ చోటు. నిన్ను పిలిస్తే తప్పకుండా వెళ్ళు. ఆ గుడ్డ అంచు ఎత్తి గడ్డిని ముట్టుకుని చూడు. ఖాళీ చోటు ఎవరిదో మీ స్నేహితురాలిని మెల్లగా అడుగు.

మీ తాతయ్య